టైరు పీడన పర్యవేక్షణ వ్యవస్థ: సెన్సర్ల మార్పిడి, రీసెట్

నిర్వచనం

కారు టైర్లలోని గాలి పీడనాన్ని కనిపెడుతూ, అది నిర్ణీత స్థాయికంటే తగ్గగానే డ్రైవరును హెచ్చరించే ఎలక్ట్రానిక్ ఏర్పాటు టైరు పీడన పర్యవేక్షణ వ్యవస్థ. వాడుకలో దీన్ని టీపీఎంఎస్ అంటారు. పీడనం తగ్గినప్పుడు డాష్‌బోర్డు మీద టైరు అడ్డుకోత ఆకారంలో పసుపు దీపం వెలుగుతుంది. దాని మధ్యలో ఆశ్చర్యార్థకం ఉంటుంది. చక్రంలోని సెన్సర్ పాడై కొత్తది బిగించినప్పుడు దాన్ని కారు కంట్రోల్ యూనిట్ గుర్తించేలా చేయాలి. ఈ వ్యాసంలోని ప్రధాన విషయం అదే.

వర్క్‌షాపుల్లో రీసెట్ అనే పేరుతో మూడు వేర్వేరు పనులు జరుగుతాయి. గాలి నింపిన తర్వాత హెచ్చరిక దీపం ఆరేలా చేయడం ఒకటి. టైర్లలో ఇప్పుడున్న పీడనమే సరైనదని వ్యవస్థకు ప్రమాణంగా చూపడం రెండోది. కొత్త సెన్సర్ గుర్తింపు సంఖ్యను కంట్రోల్ యూనిట్‌లో నమోదు చేయడం మూడోది. సెన్సర్ మార్చిన కారుకు కావలసింది ఈ మూడో పని. మొదటి రెండూ ఎన్నిసార్లు చేసినా కొత్త సెన్సర్ నమోదు కాదు. సెన్సర్ మార్చాక కూడా దీపం వెలుగుతూనే ఉందన్న ఫిర్యాదుల్లో తరచూ కనిపించే కారణం ఈ తేడాను పట్టించుకోకపోవడమే.

చరిత్ర

ప్రయాణికుల కార్లలో ఈ వ్యవస్థ మొదట కనిపించింది 1986 నాటి పోర్షే 959లో. దాదాపు పదిహేనేళ్ళ పాటు ఇది ఖరీదైన కార్లకే పరిమితమైంది. 2000లో వచ్చిన రెండో తరం రెనో లగూనాతో పెద్ద సంఖ్యలో అమ్ముడయ్యే మధ్యతరగతి కార్లలోకి ప్రవేశించింది.

చట్టం రావడానికి కారణం ఒక విషాదం. 1990ల చివర్లో అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాలకు అమర్చిన ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర ఊడిపోయి బండ్లు పల్టీ కొట్టిన ప్రమాదాల్లో రెండు వందల మందికి పైగా చనిపోయారు. 2000 ఆగస్టులో లక్షలాది టైర్లను వెనక్కు పిలిపించారు. ఈ ప్రమాదాలు ఎక్కువగా టెక్సస్, ఫ్లోరిడా, అరిజోనా, కాలిఫోర్నియా వంటి వేడి రాష్ట్రాల్లోనే జరిగాయి. టైరు నిర్మాణ లోపంతో పాటు తక్కువ గాలి, ఎక్కువ వేగం, వేడెక్కిన రోడ్డు కలిసినప్పుడు ఏం జరుగుతుందో ఆ ఉదంతం చూపించింది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే అనంతపురం వంటి ప్రాంతాల వారు మరిచిపోకూడని పాఠం ఇది.

2000 నవంబరులోనే అమెరికాలో ట్రెడ్ చట్టం వచ్చింది. దాన్ని అనుసరించి వచ్చిన సమాఖ్య భద్రతా ప్రమాణం 138 ప్రకారం 2007 సెప్టెంబరు 1 నుంచి అక్కడి తేలికపాటి కొత్త వాహనాలన్నిటికీ ఈ వ్యవస్థ తప్పనిసరి అయింది. సిఫార్సు చేసిన పీడనం కంటే 25 శాతం తగ్గితే 20 నిమిషాల్లోపు హెచ్చరించాలన్నది అందులోని నియమం. ఐరోపా అనుసరించిన ఐక్యరాజ్యసమితి నియమావళి 64 ఇంకొంచెం కఠినంగా 20 శాతం హద్దు పెట్టింది. అక్కడ 2012 నవంబరు నుంచి కొత్త మోడళ్ళకు, 2014 నవంబరు నుంచి అమ్ముడయ్యే కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి. దక్షిణ కొరియా 2013లో ఇదే దారి పట్టింది.

భారతదేశంలో

మన దేశంలో ప్రతి కారులోనూ ఈ వ్యవస్థ ఉండి తీరాలన్న నియమం ఆ రూపంలో రాలేదు. ఈ వ్యవస్థ ప్రస్తావన స్టెప్నీ (అదనపు చక్రం) నియమంలో భాగంగా వచ్చింది. 2020 జులైలో కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. మూడున్నర టన్నుల లోపు ప్రయాణికుల వాహనాల్లో ట్యూబ్‌లెస్ టైర్లు, పంచర్ మరమ్మతు కిట్, టీపీఎంఎస్ ఉంటే స్టెప్నీ చక్రం ఇవ్వనక్కర్లేదని చెప్పింది. ఆ ఏడాది అక్టోబరు నుంచి ఇది అమల్లోకి వచ్చింది. స్టెప్నీ లేని కారులో టీపీఎంఎస్ పనిచేయకపోతే అది సాధారణ లోపం కాదు. నియమం ఇచ్చిన సడలింపుకు ఆధారమే పోయినట్టవుతుంది.

అనంతపురం పీఠభూమిలో ప్రవేశం

పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉండి, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన మాత్రమే కురిసే ఉమ్మడి అనంతపురం జిల్లాను దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వర్షపాతం గలదిగా చెబుతూ వచ్చారు. వేరుశనగ సాగుకూ, పనుల కోసం బెంగళూరు వలసలకూ పేరుపడిన ఈ నేల మీద 2017 ఏప్రిల్‌లో కొరియా సంస్థ కియా కార్ల కర్మాగారం పెట్టడానికి రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 536 ఎకరాల్లో, 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ఏటా మూడు లక్షల కార్ల సామర్థ్యంతో అది నిర్మితమైంది. హంద్రీ–నీవా కాలువ నీళ్ళు చేరే గొల్లపల్లి జలాశయం దానికి నీటి వనరు. 2019 జనవరిలో ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలైంది. ఆగస్టు 22న కియా కారు సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. డిసెంబరులో కర్మాగారం లాంఛనంగా ప్రారంభమైంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో పెనుకొండ ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది.

సెల్టోస్ పై వేరియంట్లలో నాలుగు టైర్ల పీడనాన్ని విడివిడిగా చూపే హైలైన్ తరహా వ్యవస్థ ఉండేది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన కారెన్స్‌లో దాన్ని అన్ని వేరియంట్లకూ ఇచ్చారు. దీంతో ఒకప్పుడు ఖరీదైన కార్లకే ఉన్న ఈ సాంకేతికత ఇక్కడే తయారై, ఇక్కడి రోడ్ల మీదే తిరిగే కుటుంబ కార్లలోకి చేరింది. 2019–20లో అమ్ముడైన కార్లకు సెన్సర్ బ్యాటరీ ఆయువు తీరే వయసు వస్తోంది. సెన్సర్ల మార్పిడి ఇక కంపెనీ సర్వీస్ సెంటర్ల పనిగానే మిగలదు. గుత్తి, అనంతపురం, ధర్మవరం, కదిరి, హిందూపురంలోని టైర్ల దుకాణాలకూ చేరుతుంది.

రకాలు

*పరోక్ష వ్యవస్థ.* ఇందులో చక్రం లోపల ఏ సెన్సరూ ఉండదు. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కోసం ఉన్న చక్రవేగ సెన్సర్ల సమాచారమే ఆధారం. గాలి తగ్గిన టైరు వ్యాసార్థం కొద్దిగా కుదించుకుపోయి, మిగిలినవాటికంటే కాస్త వేగంగా తిరుగుతుంది. ఆ తేడాను కంప్యూటర్ పసిగడుతుంది. కొత్త తరంవి చక్రం కంపనాల తీరును కూడా విశ్లేషిస్తాయి. టాటా నెక్సాన్, స్కోడా కుషాక్, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ వంటి కార్లలో ఈ తరహా ఉంది. పీడనం ఎంత ఉందో అంకెల్లో చెప్పలేకపోవడం దీని పరిమితి.

*ప్రత్యక్ష వ్యవస్థ.* ప్రతి చక్రంలోనూ వాల్వ్‌కు అంటుకుని ఒక సెన్సర్ ఉంటుంది. అది లోపలి పీడనాన్నీ ఉష్ణోగ్రతనూ కొలిచి రేడియో తరంగాల ద్వారా పంపుతుంది. సెన్సర్ మార్పిడి, నమోదు అనే ప్రశ్నలు దీనికే వర్తిస్తాయి.

*బయట బిగించేవి.* వాల్వ్ మూత స్థానంలో తిప్పి బిగించే సెన్సర్లు, డాష్‌బోర్డు మీద పెట్టుకునే చిన్న తెర విడిగా కిట్‌గా దొరుకుతాయి. వీటికి కారు కంట్రోల్ యూనిట్‌తో సంబంధం లేదు. ఒక సెన్సర్ పోతే తెరను జత చేసే స్థితిలో పెట్టి, ఆ చక్రాన్ని ఎంచుకుని, కొత్త మూతను బిగిస్తే సరిపోతుంది. హెచ్చరిక హద్దును మాత్రం యజమానే పెట్టుకోవాలి.

సెన్సర్ నిర్మాణం, పనితీరు

ప్రత్యక్ష వ్యవస్థలోని సెన్సర్‌లో సూక్ష్మ సిలికాన్ పొర ఉంటుంది. పీడనానికి అది వంగినప్పుడు దాని విద్యుత్ నిరోధం మారుతుంది. దానితో పాటు ఉష్ణోగ్రత కొలిచే భాగం, చక్రం తిరుగుతోందో లేదో చెప్పే త్వరణమాపకం, చిన్న ట్రాన్స్‌మిటర్, లిథియం బ్యాటరీ ఉంటాయి. మొత్తం బరువు సుమారు 25 నుంచి 40 గ్రాములు. చక్రాల బ్యాలెన్సింగ్‌కు ఈ బరువు లెక్కలోకి వస్తుంది.

బ్యాటరీని ఆదా చేయడానికి కారు ఆగి ఉన్నప్పుడు సెన్సర్ దాదాపు నిద్రలో ఉంటుంది. చక్రం తగిన వేగం అందుకోగానే మేల్కొని నిమిషానికోసారి చొప్పున సందేశం పంపుతుంది. గాలి హఠాత్తుగా తగ్గితే వెంటనే పంపుతుంది. ప్రతి సందేశంలోనూ సెన్సర్ గుర్తింపు సంఖ్య ఉంటుంది. చాలా తయారీల్లో అది ఎనిమిది అక్షరాల షోడశాంశ (హెక్సాడెసిమల్) సంఖ్య. కంట్రోల్ యూనిట్ తన జ్ఞాపకంలో ఉన్న నాలుగు సంఖ్యల నుంచి వచ్చిన సందేశాలను మాత్రమే లెక్కలోకి తీసుకుని, రోడ్డు మీద పక్కన పోయే కార్ల సందేశాలను వదిలేస్తుంది. కొత్త సెన్సర్‌ను నమోదు చేయకపోతే కారు దృష్టిలో అది కూడా పక్క కారు సెన్సరే.

రేడియో పౌనఃపున్యం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. భారత్, ఐరోపా, కొరియాల్లో 433.92 మెగాహెర్ట్జ్ వాడుక. ఉత్తర అమెరికాలో చాలా కార్లకు 315 మెగాహెర్ట్జ్. సెన్సర్‌ను బయటి నుంచి మేల్కొలపడానికి పరికరాలు 125 కిలోహెర్ట్జ్ సంకేతాన్ని పంపుతాయి.

మార్చవలసిన సందర్భాలు

ప్రధాన కారణం బ్యాటరీ అయిపోవడం. దాని ఆయువు అయిదు నుంచి పదేళ్ళు. బ్యాటరీని జిగురులో పొదిగి మూసేస్తారు కాబట్టి అదొక్కటే మార్చే వీలుండదు. వేడి ప్రాంతాల్లో లిథియం ఘటాలు త్వరగా శక్తి కోల్పోతాయి.

రెండోది టైరు మార్చేటప్పుడు తగిలే దెబ్బ. టైరు అంచును రిమ్ నుంచి విడదీసే పట్టీ వాల్వ్ దగ్గర పడితే సెన్సర్ పగులుతుంది. మూడోది తుప్పు. అల్యూమినియం వాల్వ్ కాండంలో నికెల్ పూత ఉన్న కోర్ వాడాలి. దాని బదులు మామూలు ఇత్తడి కోర్ పెడితే రెండు లోహాల మధ్య విద్యుత్ రసాయన చర్య జరిగి కోర్ బిగుసుకుపోతుంది. లోహపు మూతలతోనూ ఇదే ఇబ్బంది. అందుకే ప్లాస్టిక్ మూత మంచిది.

నాలుగో కారణం ఈ పీఠభూమికి బాగా తెలిసినది. బీడు భూముల్లో, చెరువు కట్టల వెంబడి, రోడ్ల పక్కన విస్తరించిన సర్కారు తుమ్మ ముళ్ళు ట్యూబ్‌లెస్ టైర్లలోనూ దిగుతాయి. తాడిపత్రి బండల, గ్రానైటు క్వారీల దారుల్లో రాతి ముక్కల బెడద ఉంది. పంచర్లకు జడిసి కొందరు ముందుగానే టైర్లలో సీలెంట్ ద్రవం పోయిస్తారు. అది సెన్సర్ రంధ్రాన్ని మూసేస్తే పీడనం తప్పుగా కనిపిస్తుంది, లేదా సెన్సర్ పూర్తిగా పోతుంది. సీలెంట్ వాడక తప్పకపోతే కారు తయారీదారు ఆమోదించినదే వాడాలి. తర్వాత టైరు విప్పించి సెన్సర్‌ను శుభ్రం చేయించాలి.

దీపం చెప్పే తేడా

కారు స్టార్ట్ చేయగానే దీపం వెలిగి అలాగే నిలిచి ఉంటే ఏదో ఒక టైరులో గాలి తక్కువని అర్థం. నిమిషం నుంచి ఒకటిన్నర నిమిషం పాటు మినుకుమని, ఆ తర్వాత నిలకడగా వెలిగితే లోపం వ్యవస్థలోనే ఉంది. అంటే సెన్సర్ నుంచి సందేశం రావడం లేదు, లేదా నమోదులో లేని సెన్సర్ బిగించారు. మొదటి దానికి మందు గాలి. రెండో దానికి పరీక్ష, అవసరమైతే మార్పిడి, నమోదు. రెండిటినీ ఒకే గాటన కట్టి గాలి మాత్రం నింపి పంపిస్తే కారు మళ్ళీ వెనక్కు వస్తుంది.

మార్పిడి క్రమం

పని మొదలయ్యేది టైరు విప్పడానికి ముందే. చేతి పరికరంతో నాలుగు చక్రాల సెన్సర్లనూ ఒక్కొక్కటిగా మేల్కొలిపి గుర్తింపు సంఖ్య, పీడనం, బ్యాటరీ స్థితి రాసుకోవాలి. ఈ ఒక్క అడుగు వేయకపోతే, తర్వాత ఏ సెన్సర్ ముందే పాడైంది, ఏది విప్పేటప్పుడు పాడైంది అన్న వివాదం తేలదు. ఒకే వయసున్న సెన్సర్లలో ఒకటి బ్యాటరీ అయిపోయి ఆగిందంటే మిగిలినవీ ఎక్కువ కాలం నిలవవు. అప్పుడు నాలుగూ కలిపి మార్చడం మేలు. టైరు విప్పే కూలి, బ్యాలెన్సింగ్ ఖర్చు ఒకసారితో పోతాయి.

టైరు అంచును వాల్వ్‌కు దూరంగా విడదీసి పాత సెన్సర్‌ను తీస్తారు. కొత్తది బిగించేటప్పుడు రబ్బరు వాషర్, నట్ కొత్తవే వాడాలి. నట్‌ను తయారీదారు చెప్పిన బిగువుకే తిప్పాలి. అది సాధారణంగా 4 నుంచి 8 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మామూలు పానాతో అందాజుగా బిగిస్తే అల్యూమినియం కాండం విరగడమో గాలి జారడమో జరుగుతుంది. ఆ తర్వాత గాలి నింపి, సబ్బు నీళ్ళతో లీకు చూసి, చక్రాన్ని బ్యాలెన్స్ చేస్తారు.

కంపెనీ అసలు సెన్సర్ అయితే దాని గుర్తింపు సంఖ్య ఫ్యాక్టరీలోనే పడి ఉంటుంది. అన్ని కార్లకూ సరిపడే ప్రోగ్రామబుల్ సెన్సర్ అయితే టైరులో పెట్టడానికి ముందే దానిలో కారు మోడల్, సంవత్సరం ప్రకారం సమాచారం ఎక్కించాలి. ఇక్కడ రెండు దారులున్నాయి. పాత సెన్సర్ సంఖ్యనే కొత్తదానికి నకలు చేయడం ఒకటి. అప్పుడు కారుకు మార్పు జరిగిన సంగతే తెలియదు, నమోదు అవసరం ఉండదు. కానీ పాత సెన్సర్ సంఖ్య చదవగలగాలి. బ్యాటరీ పూర్తిగా పోయినా, సెన్సర్ ఒంటి మీద అచ్చు వేసిన సంఖ్య చూసి ఎక్కించవచ్చు. కొన్ని పరికరాలు ఈ సంఖ్యను దశాంశంలో, కొన్ని షోడశాంశంలో చూపుతాయని గమనించాలి. రెండో దారి కొత్త సంఖ్య సృష్టించి కారులో నమోదు చేయడం. నకలు చేసిన సెన్సర్, ఇంకా పనిచేస్తున్న పాత సెన్సర్ ఒకే కారులో ఉండకూడదు. పాతదాన్ని స్టెప్నీలో పెడితే రెండు చక్రాలు ఒకే పేరుతో మాట్లాడతాయి.

నమోదు విధానాలు

*నడుపుతూ స్వయంగా నేర్చుకోవడం.* కొరియా, ఐరోపా కార్లలో ఇది విస్తృతంగా ఉంది. కారును పదిహేను, ఇరవై నిమిషాలు కదలకుండా ఉంచి, ఆ తర్వాత గంటకు 25 కిలోమీటర్లకు మించిన వేగంతో పది, ఇరవై నిమిషాలు ఆగకుండా నడపడం సాధారణ పద్ధతి. ఖచ్చితమైన సమయం, వేగం మోడల్‌ను బట్టి మారతాయి. కాబట్టి యజమాని చేతిపుస్తకమే ప్రమాణం. ఏ సెన్సర్ ఏ మూలన ఉందో కారు ఎలా తెలుసుకుంటుందన్నది ఆసక్తికరమైన విషయం. కొన్ని వ్యవస్థలు సంకేత బలాన్ని పోల్చి చూస్తాయి. మరికొన్నిటిలో సెన్సర్ తాను తిరిగిన కోణాన్ని సందేశంలో చెబుతుంది. ఏబీఎస్ చక్రం పళ్ళ లెక్కతో దాన్ని పోల్చి కంట్రోల్ యూనిట్ స్థానం తేలుస్తుంది. ఈ నమోదుకు అనంతపురం టవర్ క్లాక్ చుట్టుపక్కల ఆగి ఆగి సాగే ట్రాఫిక్ పనికిరాదు. 44వ జాతీయ రహదారి మీద పెనుకొండ వైపో, గుత్తి వైపో నిలకడగా నడిపితే పని పూర్తవుతుంది.

*నిలిపి ఉంచి నేర్పడం.* కారును నమోదు స్థితిలో పెట్టి, ఒక క్రమంలో ఒక్కో చక్రం దగ్గరికి పరికరాన్ని తీసుకెళ్ళి సెన్సర్‌ను మేల్కొలుపుతారు. జనరల్ మోటార్స్ కార్లలో ఎడమ ముందు, కుడి ముందు, కుడి వెనుక, ఎడమ వెనుక అన్న వరుస. ఒక్కోటి నమోదు కాగానే హారన్ చిన్నగా మోగుతుంది. వరుస తప్పితే స్థానాలు తారుమారవుతాయి.

*ఓబీడీ ద్వారా రాయడం.* స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ అనే డయాగ్నోస్టిక్ సాకెట్‌కు స్కానర్ తగిలించి నాలుగు సంఖ్యలనూ నేరుగా కంట్రోల్ యూనిట్‌లో రాస్తారు. టయోటా వంటి జపాన్ కార్లలో ఇది ప్రధాన పద్ధతి. ఆ కార్లలో కొన్నిటికి ఉండే సెట్ బటన్ పీడన ప్రమాణాన్ని మాత్రమే మారుస్తుంది, కొత్త సంఖ్యను నమోదు చేయదు. తక్కువ సమయంలో తేలే పద్ధతి ఇదే. అయితే మోడల్‌కు సరిపడే సాఫ్ట్‌వేర్ ఉన్న స్కానర్ కావాలి. చిన్న పట్టణాల దుకాణాలకు అడ్డు పడేది ఆ ఖర్చే.

*పరోక్ష వ్యవస్థలో ప్రమాణం నిలపడం.* ఇక్కడ సెన్సర్ మార్పిడి లేదు. టైరు మార్చినా, చక్రాల స్థానాలు మార్చినా, గాలి సరిచేసినా తెర మీద మెనూలో సెట్ నొక్కాలి. ఆ తర్వాత కారు కొంత దూరం నడిచి నేర్చుకుంటుంది. హోండా తన కార్లలో గంటకు 40 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో మొత్తం 30 నిమిషాల ప్రయాణం చెబుతుంది. గాలి తక్కువగా ఉన్నప్పుడు సెట్ నొక్కితే ఆ తక్కువ పీడనాన్నే కారు సరైనదిగా నమ్ముతుంది. దీపం ఆరిపోతుంది, ప్రమాదం అలాగే ఉంటుంది.

నమోదు విఫలమైతే

కొత్త సెన్సర్లు అంగడిలో ఉన్నంత కాలం బ్యాటరీ ఖర్చు కాకుండా గాఢ నిద్రలో ఉంటాయి. పరికరంతో మేల్కొలపకపోతే కొన్ని సెన్సర్లు మాట్లాడవు. పౌనఃపున్యం తేడా మరో కారణం. అమెరికాలో ఉన్న బంధువుల చేత తెప్పించుకున్న 315 మెగాహెర్ట్జ్ సెన్సర్ చూడటానికి ఒకేలా ఉన్నా ఇక్కడి 433 మెగాహెర్ట్జ్ కారుకు వినిపించదు.

నమోదు చేసే చోట టీపీఎంఎస్ ఉన్న ఇతర కార్లు, విడి సెన్సర్లు దగ్గర్లో ఉంటే తప్పు సంఖ్య నమోదయ్యే అవకాశం ఉంది. నాసిరకం మొబైల్ ఛార్జర్లు, డాష్ కెమెరాలు రేడియో గోల పుట్టిస్తాయి. హై టెన్షన్ తీగలు, ప్రసార టవర్ల దగ్గర దీపం మినుకుమనవచ్చని కార్ల చేతిపుస్తకాలే చెబుతాయి. రామగిరి కొండల గాలిమరలు, నంబులపూలకుంట సౌర పార్కు ఉన్న ఈ ప్రాంతంలో హై టెన్షన్ లైన్లు చాలా దారులను దాటుతాయి. అలాంటి చోట వెలిగిన దీపం కొంత దూరం పోయాక దానంతటదే ఆరితే సెన్సర్లు మార్చే తొందర అవసరం లేదు.

కారు బ్యాటరీ తీసి పెడితే నమోదు చెరిగిపోతుందన్న నమ్మకం మెకానిక్‌లలో కొందరికి ఉంది. సంఖ్యలు విద్యుత్ లేకున్నా నిలిచే జ్ఞాపకంలో ఉంటాయి కాబట్టి సాధారణంగా చెరగవు. బ్యాటరీ తీసినందువల్ల కొత్త సెన్సర్ నమోదూ కాదు.

వేడి, ఎత్తు, గాలి

నమోదు ఎంత సరిగా జరిగినా గాలి నింపిన సమయం తప్పయితే వ్యవస్థ తప్పుడు హెచ్చరికలు ఇస్తుంది. కారు కనీసం మూడు గంటలు ఆగి ఉన్నప్పుడు, లేదా మైలు దూరానికి మించి నడవనప్పుడు టైరులో ఉండే పీడనాన్ని చల్లని పీడనం అంటారు. డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన కాగితం మీద ఉండే అంకె ఇదే.

ఘనపరిమాణం మారని గాలిలో పీడనం పరమ ఉష్ణోగ్రతతో పాటు పెరుగుతుంది, తగ్గుతుంది. 33 పీఎస్ఐ చుట్టూ ఉన్న కారు టైరుకు పది డిగ్రీల సెల్సియస్ తేడా వస్తే పీడనం సుమారు 1.6 పీఎస్ఐ మారుతుంది. అనంతపురంలో 40 డిగ్రీల మధ్యాహ్నం 33 పీఎస్ఐ నింపిన టైరు, గాలి ఏ మాత్రం పోకపోయినా, 15 డిగ్రీల తెల్లవారుజామున 29 పీఎస్ఐ దగ్గర ఉంటుంది. 20 శాతం హద్దు 26.4, 25 శాతం హద్దు 24.75. అంటే సగం దూరం ఉష్ణోగ్రతే తినేసింది. ఇక ఏ చిన్న లీకు తోడైనా దీపం వెలుగుతుంది. వేసవిలో నింపి, మళ్ళీ చూసుకోకుండా డిసెంబరు దాకా నడిపిన కార్లలో తెల్లవారుజామున దీపం వెలిగి మధ్యాహ్నానికి ఆరిపోవడం వెనుక ఉన్నది ఈ భౌతిక సూత్రమే. సెన్సర్ దోషం కాదు.

మధ్యాహ్నం హైవే మీద వచ్చిన కారు టైరు 38 చూపిందని పంపు దగ్గర గాలి తీయించడం ఇంకా ప్రమాదకరం. వేడి తగ్గాక ఆ టైరు తక్కువ గాలితో మిగులుతుంది. తక్కువ గాలి ఉన్న టైరు పక్కలు ఎక్కువగా వంగి మరింత వేడెక్కుతాయి. నైట్రోజన్ నింపినా ఈ సూత్రం మారదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది.

ఎత్తు ప్రభావం చిన్నది. సుమారు 335 మీటర్ల ఎత్తున్న అనంతపురం నుంచి 900 మీటర్లు దాటిన బెంగళూరుకు చేరేసరికి బయటి వాతావరణ పీడనం తగ్గడం వల్ల గేజి మీద టైరు పీడనం ఒక పీఎస్ఐ దాకా ఎక్కువ కనిపించవచ్చు. సెన్సర్లు సాధారణంగా పరమ పీడనాన్ని కొలుస్తాయి కాబట్టి కారు తెరకూ చేతి గేజికీ మధ్య ఈ మేరకు తేడా వచ్చినా ఏదీ చెడిపోయినట్టు కాదు.

సెన్సర్లు మార్చిన రోజు ఉదయపు చల్లదనంలోనే గాలి సరిచేసి, ఆ తర్వాత నమోదు ప్రయాణం మొదలుపెట్టడం ఈ ప్రాంతానికి తగిన క్రమం. మధ్యాహ్నం దుకాణంలో పని జరిగితే, మర్నాడు ఉదయం ఇంటి దగ్గర చేతి గేజితో మళ్ళీ చూసి కాగితం మీది అంకెకు సరిచేయాలి. పరోక్ష వ్యవస్థ ఉన్న కారులో సెట్ నొక్కాల్సింది కూడా అప్పుడే.

పరిమితులు, గోప్యత

దీపం వెలగలేదంటే గాలి సరిగా ఉందని కాదు, హద్దు దాటి తగ్గలేదని మాత్రమే. పదిహేను శాతం గాలి తక్కువగా ఉన్న టైరు కూడా నిశ్శబ్దంగా అరుగుతూ, ఇంధనం ఎక్కువ తాగుతూ నడుస్తుంది. నెలకోసారి గేజితో చూడటానికి ఈ వ్యవస్థ ప్రత్యామ్నాయం కాదు.

సెన్సర్ సందేశాలకు రహస్య లిపి లేదన్న లోపం 2010లో వెలుగులోకి వచ్చింది. అమెరికాలోని రట్గర్స్, సౌత్ కరోలినా విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఈ సందేశాలను 40 మీటర్ల దూరం నుంచి వినవచ్చని, నకిలీ సందేశాలతో దీపం వెలిగించవచ్చని చూపారు. గుర్తింపు సంఖ్య మారదు కాబట్టి కారు రాకపోకలను గమనించే వీలు కూడా ఉంది. టెస్లా వంటి కొన్ని కంపెనీలు ఇప్పుడు బ్లూటూత్‌తో పనిచేసే సెన్సర్లకు మారాయి. వాటికి పాత 125 కిలోహెర్ట్జ్ పరికరాలు సరిపోవు. టైర్ల దుకాణాలు కొనే తర్వాతి పరికరం రెండు తరాల సెన్సర్లనూ చదవగలిగేదై ఉండాలి.